షోలాపూర్ తెలుగు ఆడవాళ్ల పాత ఫొటోలు: స్కానింగ్ కంటే ముందు పేర్లు రాసుకుందాం

సాకర్‌పేట మనవరాలు

షోలాపూర్‌లో పుట్టినవాళ్లు, షోలాపూర్‌కి పిల్లనిచ్చినవాళ్లు, అక్కడినుంచి కోడలిని తెచ్చుకున్నవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

షోలాపూర్ తూర్పున మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పూర్వభాగంలో ఏ ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచినా పాత ఫొటోలు దొరుకుతాయి. వాటిని స్కాన్ చేయాలని ఉత్సాహపడేవాళ్లకు కొదవ లేదు. నా బాధ వేరే. ఫొటో దొరుకుతోంది గానీ అందులో ఉన్న ఆడమనిషి పేరు దొరకడం లేదు. సంఘం సావనీర్లు తీసి చూడండి. ముందు కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ల పేర్లు ఎడమనుంచి కుడికి వరసగా, ఇంటిపేరుతో సహా ఉంటాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్లకు మాత్రం 'మహిళా సభ్యులు' అని ఒక్క మాట. మా ఇంట్లో ఉన్న ఫొటోల వెనక కూడా అంతే. తాతయ్యలవి ఉన్నాయి, నాయనమ్మలవి లేవు.

స్కానింగ్ వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు. పేర్లు తెలిసిన ఎనభై ఏళ్ల అవ్వలు వచ్చే ఏడాదికి ఉంటారని చెప్పలేం. కాబట్టి పని వరస మార్చాలి. ముందు అవ్వల దగ్గర కూర్చోవాలి, స్కానర్ సంగతి తరవాత.

ఒక ఫొటో కింద పెట్టాను. చదరంగా ఉంటుంది, నలుపు తెలుపు, అంచులు పళ్లు పళ్లుగా కత్తిరించి ఉన్నాయి. మెట్ల మీద రెండు వరసల్లో ఆడవాళ్లు. చివర ఒకావిడ మడిచిన గొడుగు పట్టుకుని ఉంది. ముందు వరసలో ఒక పాప కదలడం వల్ల మొహం చెదిరిపోయింది. ఇది మార్కండేయ గుడి మెట్లని మా చిన్నమ్మ అంటుంది. ఎవరైనా గుర్తుపట్టగలరా?

పాతమగ్గం

అమ్మా, గుడి మెట్లు కావని నాకనిపిస్తోంది. వెనక కిటికీకి అడ్డంగా ఇనప కమ్మీలు, పక్కన గంట వేలాడదీసే కొక్కెం ఉన్నాయి. బడి అయి ఉండాలి. మన సంఘంవాళ్లు పూర్వభాగంలో పెట్టిన బడుల్లో ఒకటి. ఏ బడో పెద్దవాళ్లు చెప్పాలి.

ఇక మన ఆడవాళ్ల ఫొటోల సంగతి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు వైపునుంచి మనవాళ్లు ఇక్కడికి తరతరాలుగా వస్తూనే ఉన్నారు. 1876-78 కరువు కొందరిని నిజాం రాజ్యం దాటించింది. 1877లో ఇక్కడ మొదటి మిల్లు నడవడం మొదలైంది. కరువూ మిల్లూ ఒకేసారి వచ్చాయి. మిల్లులోకి వెళ్లినవాడు వెళ్లాడు, ఇంట్లో మగ్గం పెట్టుకున్నవాడు పెట్టుకున్నాడు. మగ్గం మగవాడిదని అందరూ అంటారు. కానీ కండెలు చుట్టింది, ఆసు పోసింది, నూలుకు గంజి పట్టించింది ఆడవాళ్లు. ఆ పని చేస్తున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. కెమెరా వస్తోందంటే చాలు, రాట్నం మూలకు పోయేది, పెట్టెలో చీర బయటికి వచ్చేది, పక్కింటినుంచి కుర్చీ తెచ్చేవాళ్లు.

మగవాళ్ల చరిత్రకు మాత్రం ఫొటోల లోటు లేదు. 1930లో బ్రిటిష్‌వాళ్లు ఊళ్లో పెట్టిన మార్షల్ లా (సైనిక పాలన) గురించి, 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీసిన మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సారడా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుస్సేన్ గురించి ఊళ్లో విగ్రహాలే ఉన్నాయి. ఉండాల్సిందే, వాళ్లు మన ఊరి గౌరవం. ఆ 1930 మే నెలలో కర్ఫ్యూ పెట్టిన పేటల్లో పిల్లలకు గంజి కాచి పోసిన ఆడవాళ్ల పేరొక్కటైనా ఎక్కడైనా రాసి ఉందా?

ఫొటోల పెట్టె

నేను స్టూడియోలో డార్క్‌రూమ్ పని చేసినవాణ్ని. ఫొటో ఏ కాలానిదో తెలిస్తే అవ్వల్ని అడగడం సులువవుతుంది. అందుకని నాకు తెలిసింది చెబుతాను.

చదరంగా ఉన్న చిన్న ప్రింటు అంటే ఎక్కువగా 120 ఫిల్ము మీద, ఆరుకి ఆరు సెంటీమీటర్ల నెగెటివ్‌తో తీసింది. మన దేశంలో 1960లనుంచి మామూలు ఇళ్లలోకి వచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఇలాంటి చదరపు ఫొటోలు ఇచ్చేది. ఒక రీలుకు పన్నెండు. అంచు పళ్లు పళ్లుగా ఉండడం 1940లనుంచి 60ల దాకా బాగా నడిచిన అలవాటు. రెండూ కలిపి చూస్తే మనవరాలు గారు పెట్టింది 1960ల ఫొటో కావచ్చు. పాప మొహం చెదరడం కూడా ఆ రకం కెమెరాకి సరిపోతుంది. వాటి షట్టర్ నిదానం, పిల్లలు కదలకుండా ఉండరు.

కలర్ ఫొటో మొత్తం ఎర్రగా తేలిపోయి ఉంటే చాలావరకు 1970లు, 80ల నాటిది. మిగతా రంగులు ముందు పోయి ఎరుపు మిగులుతుంది. నలుపు తెలుపు ఫొటోలో నల్లగా ఉన్న చోట్ల నీలంగా అద్దంలా మెరుపు వస్తే, అది కాగితంలోని వెండి పైకి తేలడం. తడిగుడ్డతో తుడవకండి. ఎంత తుడిచినా పోదు, బొమ్మ పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకకండి. అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఇరుక్కున్నదాన్ని గోరుతో లాగకుండా, పళ్ల మధ్య శుభ్రం చేసే సన్నని దారం ఉంటుంది కదా, దాన్ని వెనకనుంచి మెల్లగా పోనిస్తే ఊడి వస్తుంది. లామినేషన్ అసలే వద్దు. వేడికి కరిగిన ప్లాస్టిక్ మళ్లీ రాదు. ఆ లామినేషన్ వల్ల పోయిన పెళ్లి ఫొటోలు నేను ఎన్ని చూశానో.

వెనక పేరు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తిడి లేకుండా, అంచు దగ్గర రాయండి. బాల్ పెన్ను గీత ముందువైపు మొహం మీద తేలుతుంది. స్కాన్ 600 డీపీఐలో టిఫ్ ఫైలుగా చేయండి. స్టాంపు సైజు ఫొటో అయితే 1200. ఆ ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

నాందేడ్ టీచర్

పేర్లు రాసుకోవాలన్న మాటకు నూరు మార్కులు. అయితే ఏ పేరు రాస్తారు? ఇది చిన్న ప్రశ్న కాదు.

మా అత్తగారిది నిజామాబాద్ జిల్లా. దేగ్లూర్ దగ్గర ఇచ్చారు. ఇక్కడి ఆనవాయితీ పట్టుకుని మా మామగారివాళ్లు పెళ్లిలో పేరు మార్చారు. పుట్టింట్లో పిలిచిన పేరు ఒకటి, బియ్యంలో రాసిన పేరు ఒకటి. పైగా మహారాష్ట్ర కాగితాల్లో ఆడమనిషి పేరు తరవాత పెళ్లికి ముందు తండ్రి పేరు, పెళ్లయ్యాక భర్త పేరు, ఆ తరవాత ఇంటిపేరు వస్తాయి. అంటే బడి రిజిస్టర్‌లో ఉన్న పిల్ల, రేషన్ కార్డులో ఉన్న కోడలు ఒకరేనని కాగితం చూసినవాడికి తెలిసే దారే లేదు. ఆ మనిషిని వాడలో అందరూ పిలిచేది ఇంకోటి. ఫలానావాళ్ల పెద్దమ్మ, ఫలానా ఊరావిడ.

కాబట్టి అడిగేటప్పుడు పుట్టింటి పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, అత్తింటి పేరు, వాడలో పిలుపు, అన్నీ అడగండి. పుట్టిన ఊరు తప్పకుండా అడగండి. ఫొటోలో పక్కపక్కన నిలబడ్డవాళ్లు చాలాసార్లు ఒకే ఊరినుంచి వచ్చిన ఆడబిడ్డలు అయి ఉంటారు. మా దగ్గర ఒక బతుకమ్మ ఫొటోలో ఎవరు ఎవరి పక్కన ఉన్నారో చూస్తే, అది చుట్టరికం కాదు, ఊరు. భర్తల కులపెద్దల లెక్క వేరు, వాళ్ల స్నేహాల లెక్క వేరు.

సాకర్‌పేట మనవరాలు

టీచర్ గారూ, ఈ మాటతో నాకు దారి దొరికింది. మా నాయనమ్మ పుట్టింటి పేరు మా నాన్నకే తెలియదు. రేపే అడుగుతాను. పాతమగ్గం పెదనాన్నా, బడి మెట్లే అన్నారు కదా, మా చిన్నమ్మకు మళ్లీ చూపిస్తాను. అందరూ ఇంట్లో ఉన్నవి పెట్టండి.

ఘర్కుల్ అక్క

అందరూ పెట్టండి అన్నారు కదా, నాకు అభ్యంతరం ఉంది. కోపంతో చెప్పడం లేదు, ఆలోచించమని చెబుతున్నాను.

మా అమ్మ నలభై ఏళ్లకు పైగా బీడీలు చేసింది. పొద్దున్నే బీడీ కంపెనీ బ్రాంచికి వెళ్లి ఆకు, తంబాకు తెచ్చుకోవడం, ఆకు తడపడం, కొలత రేకు పెట్టి కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని చుట్టడం, మర్నాడు కట్టలు తీసుకెళ్లి అప్పగించడం. బాగాలేవని పక్కన పడేసినవాటికి కూలి లేదు. వెయ్యి బీడీలకింత అని కూలి. మా అమ్మకు పెళ్లి ఫొటో లేదు. ఒంటరిగా తీయించుకున్న ఫొటో ఆమె జీవితంలో ఒక్కటే, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు మీదిది. 1976 సంక్షేమ నిధి చట్టం తరవాత ఆ కార్డు ఉంటేనే దవాఖానా, పిల్లలకు స్కాలర్‌షిప్, ఇంటికి సాయం. అందుకోసం స్టూడియోకి వెళ్లింది. ఆ చిన్న ఫొటోలో కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది. మా వాడలో ఇలాంటి వాళ్లు ఎంతమందో. షోలాపూర్ తెలుగు ఆడవాళ్ల ఫొటోల భాండారం అంటే సావనీర్లు కాదు, ఈ కార్డులు.

కానీ ఆ కార్డు మీద నంబరు ఉంది, చిరునామా ఉంది, వేలిముద్ర కూడా ఉంది. అమ్మ ఆ కార్డును బియ్యం డబ్బాలో దాచుకుంటుంది. దాన్ని ఫొటో తీసి నెట్‌లో పెట్టే హక్కు కూతురినైన నాకు కూడా లేదు. అడిగాను. 'నా మొహం ఊరంతా ఎందుకు చూడాలె' అంది. అంతే. అక్కడితో ఆగాలి.

గ్రంథాలయం మెట్లు

అక్క చెప్పింది చాలా బరువైన మాట. దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి సముద్రాల అవతల ఉంది.

న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపంలో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే ఆఫీసు ఉండేది. అక్కడ రిజిస్ట్రీ గుమస్తాగా పనిచేసిన ఆగస్టస్ షెర్మన్ 1905 తరవాత చాలా ఏళ్లు అలా వచ్చినవాళ్లను ఫొటోలు తీశాడు. తల గుడ్డలు, పూసలు, కుట్టుపని చేసిన రవికెలు, అన్నీ అద్భుతంగా కనిపిస్తాయి. కింద రాసింది మాత్రం ఎక్కువగా 'రుథేనియన్ స్త్రీ', 'స్లొవాక్ స్త్రీ' అని. పేరు లేదు. ఇవాళ ఆమె మునిమనవలు ఆ ఫొటో ముందే నిలబడ్డా తమ మనిషని తెలుసుకోలేరు.

అదే కాలంలో లూయిస్ హైన్ కూడా ఎల్లిస్ ద్వీపంలో ఫొటోలు తీశాడు. 1908నుంచి బాలకార్మిక వ్యవస్థ మీద పోరాడే జాతీయ కమిటీకి పనిచేశాడు. న్యూయార్క్ ఇరుకు గదుల్లో వలస తల్లులు పిల్లలతో కలిసి కాగితం పూలు చేయడం, పప్పులు వలవడం తీశాడు. ఇంటి దగ్గర చేసే పని, ముక్కకింత కూలి, అచ్చం మన బీడీల పనే. ఆయన చాలా ఫొటోల కింద కుటుంబం పేరు, వీధి, పిల్లల వయసు, వచ్చే కూలి రాసేవాడు. ఆ కమిటీ కోసం తీసినవి ఐదు వేలకు పైగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఆ రాతలు పట్టుకునే ఎన్నో కుటుంబాల వారసులను తరవాత కనుక్కున్నారు.

నా అభిప్రాయం ఇది. పేరు రాయకపోవడం అన్యాయం. అడగకుండా పేరు బయటపెట్టడం కూడా అన్యాయమే. రాయడం వేరు, బయటపెట్టడం వేరు. రెండు పుస్తకాలు ఉండాలి. ఇంటి పుస్తకంలో అన్నీ రాయండి. బయటి పుస్తకంలో ఆమె ఒప్పుకున్నంతే పెట్టండి.

సిరొంచ గోదారి

మా ఊరు ప్రాణహిత ఒడ్డున. ఆ బీడీ ఆకు మా అడవినుంచి కూడా వస్తుంది. మే నెల ఎండలో తెల్లవారకముందే తునికాకు కోయడానికి వెళ్లేది ఆడవాళ్లు, తెలుగువాళ్లూ గోండులూ. మధ్యాహ్నానికి వచ్చి, నీడలో కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తీసుకెళతారు. ఘర్కుల్ అక్క వాళ్ల అమ్మ చాటలోకి వచ్చిన ఆకు మా అమ్మ కోసిందే అయి ఉండొచ్చు.

మా వైపు ఫొటోల కథ ఇంకా బాధ. మా ఆడవాళ్లను తీసినవాళ్లంతా బయటివాళ్లే. ఆఫీసర్లు, పరిశోధకులు, పత్రికలవాళ్లు. తెల్లవాళ్లు 1868నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అచ్చేశారు. మనుషుల్ని కులం, తెగల నమూనాలుగా చూపించే పుస్తకం అది. ఆ చూపు ఇంకా పోలేదు. ఇప్పటికీ పేపర్లో ఫొటో వస్తే కింద 'తునికాకు సేకరిస్తున్న ఆదివాసీ మహిళ' అనే ఉంటుంది. పక్కన నిలబడ్డ కాంట్రాక్టరుకో నాయకుడికో మాత్రం పేరుంటుంది. ఆ ఫొటో కాపీ కూడా ఆమె ఇంటికి రాదు. మీరు మొదలుపెట్టిన పనిలో నా వంతుగా ఒకటి చేయగలను. పాత పత్రికల కత్తిరింపులు మా ఊళ్లో చూపించి పేర్లు అడుగుతాను, దొరికిన ప్రతి ఇంటికీ ఒక ప్రింటు ఇస్తాను.

బ్రహ్మపురం బిడ్డ

ఒడిశానుంచి. మాదీ నేతవాళ్ల వాడే, పట్టు. ఇక్కడ మా పెద్దమ్మల ఫొటోల్లో సగం మంది ఒడియా ఇరుగుపొరుగు. పేర్లు చెప్పేవాళ్లు కూడా ఒడియా ముసలమ్మలే. వాళ్లను కూడా కలపొచ్చా?

సాకర్‌పేట మనవరాలు

తప్పకుండా కలపండి. మా ఫొటోల్లోనూ కన్నడ, మరాఠీ, ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను తీసేస్తే ఫొటో సగమే మిగులుతుంది.

కోర్టు గుమస్తా

హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. అంటే స్టూడియోలో మీ కుటుంబం డబ్బు కట్టి తీయించుకున్న ఫొటో గురించి భయం అక్కరలేదు. పత్రికవాళ్లు తీసింది, యూనియన్‌వాళ్లు తీసింది వేరు. వాటిని పెట్టేముందు అడగండి. చట్టం ఎలా ఉన్నా ఘర్కుల్ అక్క చెప్పిన మర్యాద ముందు.

ముంబైలో 1988నుంచి స్పారో అనే సంస్థ ఉంది. ఆడవాళ్ల మాటలు, ఫొటోలు భద్రపరచడమే దాని పని. సి.ఎస్. లక్ష్మి, నీరా దేశాయ్, మైత్రేయి కృష్ణరాజ్ కలిసి మొదలుపెట్టారు. ఫొటోతో పాటు ఆమె గొంతు కూడా రికార్డు చేసి దాచడం వాళ్ల పద్ధతి. అది మనమూ చేయాలి. ఫోన్ చాలు.

ఘర్కుల్ అక్క

నిన్న రాత్రి మనవరాలు పెట్టిన మెట్ల ఫొటో అమ్మకు చూపించాను. తన ఫొటో వద్దంది గానీ ఇతరుల ఫొటో అంటే కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది.

గొడుగావిడను గుర్తుపట్టింది. మేం షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీ ఆడవాళ్లకు కట్టిన ఇళ్ల కాలనీకి, అదే ఘర్కుల్‌కి, రాకముందు మా పాత వాడలో ఉండేదట. బీడీ కూలి పెంచమని ఊరేగింపులు జరిగినప్పుడు ముందు నడిచేదట. ఆ గొడుగు ఎండకు కాదు, పోలీసులు అడ్డం వస్తే అడ్డుపెట్టడానికని నవ్వింది అమ్మ. పాప ఎవరో కూడా చెప్పింది. ఇప్పుడు ఆ పాపకు మనవలు ఉన్నారు. మెట్లు బడివే, పాతమగ్గం గారి మాట నిజం. సాయంత్రం పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసులో తీసిన ఫొటోనట. వీళ్లంతా సంతకం నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు, బ్రాంచిలో లెక్క ఎవరూ మోసం చేయకుండా.

పేర్లు ఇక్కడ రాయడం లేదు. మనవరాలికి విడిగా పంపాను. గొడుగావిడ కోడలిని కలిసి, ఆమె సరేనంటేనే పెట్టండి.

ఇంకోటి. 2006లో కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరుతో పదివేల ఇళ్లు బీడీ ఆడవాళ్లకు వచ్చినప్పుడు ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. ఆ రోజు ఫొటోల్లో వేదిక మీదివాళ్లు అందరికీ తెలుసు. కింద కూర్చున్న ఆడవాళ్ల ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. అమ్మ కూడా అక్కడే ఉంది. ఆ ఫొటో అయితే పెట్టుకోమంది, 'అందరితో ఉన్నది పర్వాలేదు' అంది.

పాతమగ్గం

సంతకం నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లన్న మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మ కూడా ఆ క్లాసుకు వెళ్లింది. రెండో వరసలో ఉందేమో చూసుకుంటాను.

నాందేడ్ టీచర్

ఒక మాట. అవ్వలు మాట్లాడేటప్పుడు సగం తెలంగాణ తెలుగు, సగం మరాఠీ దొర్లుతుంది. దాన్ని పుస్తకం తెలుగులోకి సరిదిద్దకండి. వాళ్లు అన్నది అన్నట్టే రాయండి. ఏ ఊరినుంచి వచ్చారో, ఏ వాడలో పెరిగారో ఆ మాటల్లోనే తెలుస్తుంది. మధ్యలో ఆపి ఏ సంవత్సరం అని అడగకండి. సంవత్సరం వాళ్లకు గుర్తుండదు. ఎవరి పెళ్లికి ముందు, ఏ మిల్లు మూతపడ్డ తరవాత, ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అని అడిగితే టక్కున చెబుతారు.

సాకర్‌పేట మనవరాలు

గొడుగావిడ కోడలితో ఫోన్లో మాట్లాడాను. ఆమె దగ్గర ఈ ఫొటో లేదు, తన అత్తగారు వయసులో ఉన్నప్పటి ఫొటోనే ఇంట్లో లేదు. ముందు ప్రింటు కావాలంది. పేరు పెట్టే విషయం ప్రింటు చూశాక చెబుతానంది. అందుకని 600లో స్కాన్ చేసి, ఫొటోల పెట్టె గారు చెప్పినట్టు మంచి కాగితం మీద ప్రింటు తీయిస్తున్నాను. మిగతా పేర్లు ప్రస్తుతానికి ఇంటి పుస్తకంలో ఉన్నాయి.

ఈ పద్ధతే అందరం పాటిద్దాం. మొదట ప్రింటు ఆ ఇంటికి, తరవాత పేరు, ఆ తరవాతే నెట్. బతుకమ్మకు ఆడబిడ్డలంతా పుట్టిళ్లకు వస్తారు. నిజామాబాద్, సిరిసిల్ల, భివండి, సూరత్ వైపునుంచి కూడా. అప్పటికి ఎవరి దగ్గర ఉన్న ఫొటోల ప్రింట్లు వాళ్లు తీయించి పెట్టుకోండి. ఆట అయిపోయాక ఒక్కో వాడలో కూర్చోబెట్టి చూపించొచ్చు. సాకర్‌పేట, దాజీపేట నేను చూసుకుంటాను. కుంభారి వైపు ఘర్కుల్ అక్కకు ఎవరైనా తోడు కావాలి. భద్రావతిపేట, అశోక్‌చౌక్ నుంచి ఎవరైనా ముందుకొస్తే ఇక్కడే చెప్పండి.

పాతమగ్గం

భద్రావతిపేట మాది. నేను, మా కోడలు వస్తాం. ఆడవాళ్ల దగ్గర కోడలు కూర్చుంటుంది, నేను పెన్సిల్‌తో రాస్తాను.